కప్ప బండికి నంబరు లేదు

మే 5, సోమవారం

బండికి నంబరు ఇవ్వరట. పొద్దున్నే పోయి ఆర్టీవో ఆఫీసులో కూర్చుంటే మధ్యాహ్నానికి తేల్చి చెప్పారు. కౌంటర్ లోపలి ఆయన మర్యాదస్తుడే, నన్ను చూసి కుర్చీ వేయించాడు. ఇది రోడ్డు కోసం చేసిన బండి కాదమ్మా, ఏటీవీ అంటారు, రిసార్టుల్లో టూరిస్టులు మట్టిలో సరదాగా తిప్పుకునేది అన్నాడు. రోడ్డుకు పనికొస్తుందని టెస్టింగ్ వాళ్ల సర్టిఫికెట్ ఉంటేగాని రిజిస్ట్రేషన్ కాదట. రిజిస్ట్రేషన్ లేకుంటే ఆర్‌సీ లేదు, ఇన్సూరెన్స్ లేదు. వికలాంగుల కింద ఏమైనా చూడమంటే, మీకు సైడు చక్రాల స్కూటర్ ఉంది కదమ్మా అన్నాడు. ఆ స్కూటర్ మీదే వచ్చానని చెప్పాను.

నాకు ఎడమకాలు పోలియో. నా స్కూటర్‌కు నంబరు ఉంది, ఆర్‌సీ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. అది ఊరి పక్కన వానకు పారే వంక దాకా పోయి ఇసుకలో ఆగిపోతుంది. వంకకు అవతల, గుట్ట కింద, నాయన నా పేరున రాసిపోయిన ఎనిమిదెకరాల చేను ఉంది. నంబరున్న బండి అక్కడికి పోదు. పోయే బండికి నంబరు రాదు.

పొలంలో తిప్పుకోండి, రోడ్డు ఎక్కించకండి, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు అని చివర్లో ధైర్యం చెప్పాడు. సరే. నాకు కావలసింది పొలమే.

మే 8, గురువారం

ఈ బండిని పోయిన దసరాకు అన్న తెచ్చాడు. బెంగళూరు దగ్గర ఏదో రిసార్టు మూతపడితే వేలంలో కొన్నాడట. ఇంటి ముందు లారీలోంచి దింపించి, పాపా, ఇదో నీ గుర్రం అన్నాడు. నాకు ముప్పై అయిదేళ్లు వచ్చినా ఆయనకు పాపనే. ఊళ్లో పిల్లలు దాన్ని చూసి కప్ప బండి అన్నారు, ఆ పేరే నిలబడిపోయింది. గేర్లు లేవు. బొటనవేలితో నొక్కితే పోతుంది, బ్రేకులు రెండూ చేతికే ఉన్నాయి. కాళ్లతో పని లేదు.

నాయన పోయాక నేను చేను చూడలేదు. మిద్దె మీద నుంచి ఎర్రగా కనిపించేది, అంతే. ఒక్కసారి మాత్రం చెన్నప్ప నన్ను వీపున ఎక్కించుకుని తీసుకుపోయాడు. చెన్నప్ప మా సేద్యం చూసే మనిషి, నాయన కాలం నుంచీ ఉన్నాడు. పెళ్లీడు దాటిన ఆడదాన్ని గొర్రెపిల్లను మోసినట్టు మోశాడు. ఆయన తప్పేం లేదు. దారి పొడుగునా ఏడుపు ఆపుకున్నాను, మళ్లీ తీసుకుపొమ్మని అడగలేదు.

ఇప్పుడు రోజూ నేనే పోతున్నాను. ఈరోజు రాళ్లు ఏరించాను. శెనక్కాయలో ఈసారి ఎనిమిది సాళ్లకు ఒక సాలు కంది వేద్దామన్నాను. చెన్నప్ప తల గోక్కున్నాడు. పన్నెండుకు ఒకటి మీ నాయన లెక్క అన్నాడు. మళ్లీ తనే, నువ్వు చెప్పినట్లే కానీలేమ్మా అన్నాడు. నా చేలో నా మాట మీద సాలు పడబోవడం ఇదే మొదలు. ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మే 12, సోమవారం

అనంతపురం నుంచి అన్న ఫోన్. మళ్లీ సోలార్ సంగతే. నా చేనుకు రెండు పక్కలా ఉన్న తన భూమి అన్న కంపెనీకి లీజుకు ఇచ్చేశాడు. మధ్యలో నాది మిగిలింది. మొత్తం ఒకటే బ్లాకుగా ఉంటేనే ప్యానెళ్లు వేస్తామంటున్నారట. సంతకం పెట్టు పాపా, ఏటా బ్యాంకులో దుడ్లు పడతాయి, ఎండలో తిరగాల్సిన ఖర్మ నీకేమి అన్నాడు. పోయిన నెల వంకలో బండి బోల్తాపడి నా మోచేయి చీరుకుపోయిన సంగతి కూడా తీశాడు.

విత్తనం కాయలు తెచ్చుకున్నానని చెప్పాను. ఫోన్ పెట్టేశాడు.

అన్న చెడ్డవాడు కాదు. ఇంట్లో ఆడవాళ్లు కాదనడం ఆయనకు అలవాటు లేదు.

మే 17, శనివారం, పొద్దున ఆరు

కప్ప లేదు.

మే 17, సాయంత్రం

షెడ్డు తాళం పగలలేదు. తీసి, మళ్లీ వేసి పోయారు. తాళంచెవి వంటింట్లో మేకుకే ఉంది. ఇంతకన్నా విచిత్రం ఏముంటుంది.

స్టేషన్‌కు పోయాను. ఎస్సై పేరు హేమావతి, నాకన్నా చిన్నదే. బండి నంబరు అడిగింది. లేదన్నాను. ఆర్‌సీ అంది. లేదన్నాను. ఇన్సూరెన్స్ అంది. పెన్ను పక్కన పెట్టి నా ముఖం చూసింది. అమ్మా, నంబరు లేకపోతే మా లెక్కలో అది వాహనమే కాదు, బోరు మోటరు పోతే రాసుకుంటాం చూడు, అట్లా రాసుకుంటా అంది. నాలుగు చక్రాల యంత్రం ఒకటి, రంగు పచ్చ అని రాసుకుంది. బిల్లు తెమ్మంది, అది అన్న దగ్గర ఉంది. వానలు మొదలయితే వజ్రకరూరు పక్క వజ్రాలు వెతికే జనం ఊళ్లకు ఊళ్లు దిగుతారు, వాళ్లలో ఎవరైనా కొట్టేసినారేమో అని కూడా అంది. వానే లేదు, వజ్రాలెక్కడివి.

లేచేటప్పుడు ఇంకో మాట చెప్పింది. దొరికినా సరే, రోడ్డు మీద నా కంటబడితే నేనే సీజ్ చేస్తా, చేన్లో ఉంటే నాకు కనబడదు అంది. ఖచ్చితమైన మనిషి. నాకు కోపం రాలేదు.

ఇంటికొచ్చాక వచ్చింది. షెడ్డు చూసి.

మే 19, సోమవారం

గిరిని స్టేషన్‌కు తీసుకుపోయారు. చెన్నప్ప కొడుకు. కప్పకు ఆయిల్ మార్చేది, చైన్ బిగించేది వాడే. తాళం పగలకుండా బండి పోయిందంటే తాళంచెవి ఎక్కడుంటుందో తెలిసినవాడి పనే అని వాళ్ల లెక్క.

వెంటనే పోయి గిరి అలాంటివాడు కాదని చెప్పాను. ఎస్సై వింది. కంప్లైంట్ ఇచ్చింది నువ్వే కదమ్మా, మమ్మల్ని అడగనీ అంది. గిరి లోపల బెంచీ మీద ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

తిరిగొచ్చేసరికి చెన్నప్ప పశువుల కొట్టం దగ్గర కూర్చుని ఉన్నాడు. గిత్తలకు నీళ్లు పెట్టినానమ్మా అని మాత్రం చెప్పాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మే 20, మంగళవారం

మా అమ్మ సుబ్బలక్ష్మమ్మకు పోలీసుల మీద నమ్మకం లేదు, తన నోటి మీద ఉంది. ఇంట్లోంచి చెంబు పోయినా, దడి మీంచి చీర పోయినా వీధి మధ్యలో నిలబడి పిడికిలితో మన్నెత్తి పోస్తుంది. ఎత్తినవాని చేతులు పడిపోను, వాని పొయ్యిలో పిల్లి పండుకోను అని మొదలుపెడితే నాలుగు వీధులు తలుపులేసుకుంటాయి. రెండేళ్ల కింద పోయిన రోకలి సాయంత్రానికి గడపలో తిరిగొచ్చింది. ఆ శాపాలు తగులుతాయని ఊరు నమ్ముతుంది. అందరికన్నా ఎక్కువ అమ్మే నమ్ముతుంది.

కప్ప పోయి నాలుగో రోజు. అమ్మ నోరు తెరవలేదు.

ఈ సంగతి నాకు ఈరోజు మధ్యాహ్నం, చారు పోసుకుంటుండగా తట్టింది. రోకలికి ఊరంతా అదరగొట్టిన మనిషి, బిడ్డ కాళ్లు ఎత్తుకుపోతే ఎందుకు ఊరికే ఉంది? గిరిని తీసుకుపోయిన రోజు కూడా పప్పు రుబ్బుతూ కూర్చుంది.

అన్నం వదిలేసి అమ్మను వాకిట్లోకి రమ్మన్నాను. తిట్టమ్మా అన్నాను. ఎందుకులే, దొరికినప్పుడు దొరుకుతాది అంది. నేను కిందికి వంగి పిడికెడు మన్ను తీసి ఆమె చేతిలో పెట్టాను. తిట్టు, బండి ఎత్తినవాని చేతులు పడిపోవాలని తిట్టు అన్నాను. అమ్మ ఆ మన్ను పట్టుకుని నిలబడింది. ఎత్తి పోయలేదు, మన్ను వేళ్ల సందుల్లోంచి కారిపోయింది.

అన్నేనా అని అడిగాను.

అమ్మ అరుగు మీద కూలబడింది. తాళంచెవి నేనే ఇచ్చినాను, వాడు నీ మంచికే చేసినాడు, వంకలో పడి చస్తే నిన్ను నాకెవరు తెచ్చిస్తారే అని ఏడ్చింది. సోలార్ వాళ్ల యార్డులో పెట్టించినాడట, నువ్వు సంతకం పెట్టినాక మంచి కారు కొనిస్తాడట. మరి గిరి సంగతేమని అడిగాను. రెండు దినాల్లో వాళ్లే వదిలేస్తారని అన్న చెప్పినాడు అంది.

నాకు అమ్మ మీద జాలి కలగలేదు. ఇప్పుడు రాత్రి అయింది, ఇంకా కలగలేదు.

మే 21, బుధవారం

స్టేషన్‌లో చెప్పాను, మా అన్న తీశాడని. ఎస్సై అన్నకు ఫోన్ చేసింది. అయిదు నిమిషాల్లో బిల్లు ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. కొన్నది పి. విష్ణువర్ధన్, మా అన్న. ఎస్సై ఫోన్ నా వైపు తిప్పి చూపించింది. ఆర్‌సీ ఉంటే అది ఎవరి పేరున ఉందో చూసేదాన్నమ్మా, ఇది రిజిస్ట్రేషన్ లేని వస్తువు, బిల్లు ఎవరిదో వస్తువు వాళ్లది, మీ అన్న బండి మీ అన్న తీసుకున్నాడు, దొంగతనం యాడుండాది అంది. కేసు మూసేసింది. కన్నతల్లి, తోడబుట్టినవాడు కలిసి చేసినదానికి ఎస్సైని ఏమనగలను.

గిరిని వదిలేశారు. నన్ను కొట్టలేదులే అక్కా, ఉత్త బెంచీ మీద కూచోబెట్టినారు అన్నాడు. అంటున్నంతసేపూ నా ముఖం చూడలేదు.

మే 24, శనివారం

అన్న వచ్చాడు. పండ్లు తెచ్చాడు. నేను అరుస్తానని అనుకుని వచ్చినట్టున్నాడు, నేను అరవలేదు, దాంతో ఆయనే అరిచాడు. నువ్వు ఆ గుట్ట కింద పడి ఉంటే సెల్లు సిగ్నల్ కూడా రాదు, తెల్లారి కుక్కలు చూడల్ల నిన్ను, నాకు నిద్ర పట్టల్లేదు పాపా అన్నాడు. కళ్లలో నిజంగానే నీళ్లు. అన్నకు నా మీద ప్రేమ ఉంది. దానికి పక్కనే నా ఎనిమిదెకరాల మీద కన్ను కూడా ఉంది. రెండూ ఒకే మనిషిలో ఎట్లా సర్దుకుంటాయో నాకు తెలియదు, ఆయనకూ తెలిసినట్టు లేదు.

గిరిని రెండు రోజులు ఎందుకు కూర్చోబెట్టనిచ్చావని అడిగాను. దానికి మాత్రం తల దించుకున్నాడు.

సంతకం పెట్టనన్నాను. పెట్టకపోతే మాత్రం ఏం చేస్తావు, చేనుకు ఎట్లా పోతావు అన్నాడు. ఆ మాట అనగానే ఆయనకే తప్పనిపించింది. పండ్ల సంచి అక్కడే వదిలేసి కారెక్కాడు.

మే 27

చెన్నప్ప వీపున మోసుకుపోతానన్నాడు. వద్దన్నాను.

జూన్ 3, మంగళవారం

స్కూటర్ వేసుకుని పక్క ఊరి దాకా పోయాను. తారు రోడ్డుకు అవతల సోలార్ యార్డు. ఫెన్సింగ్ లోపల ఒక కుర్ర ఇంజనీరు చెవుల్లో పాటలు పెట్టుకుని నా కప్ప మీద తిరుగుతున్నాడు. ముందు చక్రానికి గాలి తక్కువ ఉంది. అది చూసి నాకు కడుపు మండింది. వాడికి రెండు కాళ్లూ నిక్షేపంగా ఉన్నాయి.

గేటు దగ్గర వాచ్‌మన్ కుళ్ళాయప్ప నన్ను గుర్తుపట్టి నీళ్లిచ్చాడు. యార్డున్న జాగా ఒకప్పుడు ఆయన చేనే. లీజుకిచ్చి అక్కడే గేటు కాస్తున్నాడు. ఏమమ్మా, సంతకం చేయొద్దు అని మెల్లగా అన్నాడు.

జూన్ 7, శనివారం

బుధవారం ఏరువాక పున్నమి. చెన్నప్ప గిత్తల కొమ్ములకు రంగు కావాలని దుడ్లడిగాడు. ఆ రోజు ఎద్దులను కడిగి, గంటలు కట్టి, సాయంత్రం తప్పెట్లతో తారు రోడ్డు మీద ఊళ్లోకి తోలుతారు. లారీలు, బస్సులు అన్నీ ఆగిపోతాయి. పోలీసులే నిలబడి ఆపుతారు. యార్డుకూ సెలవే.

ఇప్పుడు చేలన్నీ బోడిగా ఉన్నాయి. యార్డు నుంచి రోడ్డు దాకా ఎవరి పైరూ తొక్కకుండా పోవచ్చు. వాన పడి విత్తారంటే ఆ దారి మూసుకుపోతుంది. అడ్డం ఒక్కటే, రోడ్డు.

చెన్నప్పను, గిరిని కూర్చోబెట్టి నా ఆలోచన చెప్పాను. గిరి ముందుగా నవ్వాడు. స్టేషన్ నుంచి వచ్చాక వాడు నా ముందు నవ్వడం ఇదే. వద్దంటే మానేస్తానని, మళ్లీ నిన్నే పట్టుకుపోతారేమోనని అన్నాను. ఈసారి నిజంగా చేసిందానికే కదక్కా అన్నాడు.

జూన్ 11, బుధవారం

అన్నీ రాయాలి, చేయి ఆగడం లేదు.

మధ్యాహ్నం గిరి వెనక కూర్చుంటే స్కూటర్ మీద యార్డుకు పోయాను. కుళ్ళాయప్ప ఒక్కడే ఉన్నాడు. ఎద్దులు అమ్మేసినాను, ఎద్దుల్లేనోనికి ఏరువాకేందమ్మా అని గేటు దగ్గర కూర్చుని ఉన్నాడు. కప్పను తీసుకుపోవడానికి వచ్చానని చెప్పాను, దాచలేదు. ఆయన గేటు పుస్తకం తీసి చూశాడు. ఈడ బండి నంబరు రాయల్ల, దీనికి నంబరు లేదని వచ్చిననాడు గూడా నేను రాసుకోలేదు, రానిదాన్ని పోయిందని ఎట్లా రాసేది అన్నాడు. పుస్తకం మూసి గేటు తీశాడు. నీ ఉద్యోగం పోతుందేమో అన్నాను. పోతే పోనీ, నా చేనుకు నేను కాపలా ఉండేది ఉద్యోగమా అన్నాడు.

గిరి చక్రానికి గాలి కొట్టి, స్కూటర్ తీసుకుని రోడ్డు దారిన పోయాడు. నేను చేలకు అడ్డంబడ్డాను. బొటనవేలు నొక్కగానే అది కదిలిన క్షణం నాకు గట్టిగా ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను. ఎర్రమట్టి, రాళ్లు, గట్లు, దుమ్ము. ఎక్కడా ఒక్క పచ్చని మొక్క లేదు. కరువు నాకు మేలు చేయడం మొదటిసారి చూశాను.

రోడ్డు పక్కన చెన్నప్ప గిత్తలతో నిలబడి ఉన్నాడు. కప్ప హ్యాండిల్‌కు ఒక పక్క ఎర్ర రంగు, ఒక పక్క పసుపు పూశాడు. ముందు గంటలు కట్టాడు, వేపమండ పెట్టాడు. ఒక పగ్గం కూడా కట్టి తన చేత్తో పట్టుకున్నాడు. తప్పెట్లు దగ్గరపడ్డాయి. రెండు పక్కలా లారీలు ఆగాయి. ఎద్దులు బుసకొడుతూ పోతుంటే చివర్లో చెన్నప్ప గిత్తలు, వాటి వెనక నేను రోడ్డెక్కాం.

ఎస్సై హేమావతి రోడ్డు మధ్యలోనే ఉంది. చేయెత్తి మమ్మల్ని ఆపింది. తప్పెట్లవాళ్లు కూడా తగ్గించారు. ఆమె కప్పను ముందు నుంచి వెనక దాకా చూసింది, రంగులు చూసింది, నన్ను చూసింది. చెన్నప్పను పిలిచి, ఏమప్పా, ఇది పొడుస్తాదా అని అడిగింది. పొడవదు మేడం, కొత్తోళ్లను చూస్తే బెదురుతాది అన్నాడు చెన్నప్ప, నవ్వకుండా. అయితే బిరబిరా తోలుకోని పో, లారీలు నిలబడినాయి అని అటు తిరిగింది.

ఇంటి ముందు అమ్మ గిత్తలకు హారతి ఇచ్చింది. కప్ప దగ్గరికి వచ్చి ఆగిపోయింది. తర్వాత నా వైపు చూడకుండా హ్యాండిల్‌కు పసుపు కుంకుమ పెట్టి లోపలికి పోయింది. మనసారా నవ్వుకున్నాను.

జూన్ 12, గురువారం

పొద్దున లేచేసరికి బుర్ర చల్లబడింది. బిల్లు అన్న పేరున ఉంది. ఎస్సై చెప్పిన లెక్క ప్రకారం దొంగను నేను. అన్న ఒక్క కంప్లైంట్ ఇస్తే కప్ప పోతుంది, గిరి మళ్లీ బెంచీ మీదికి పోతాడు, ఈసారి పక్కన నేనూ ఉంటాను. అన్నకు నేనే ఫోన్ చేసి, తెచ్చుకున్నానని చెప్పాను. ఫోన్ కట్ అయింది.

జూన్ 14

ఎవరూ రాలేదు.

జూన్ 17, మంగళవారం

వాన. మధ్యాహ్నం మొదలై దీపాల వేళ దాకా కురిసింది. జానెడు లోతు తడిసిందని చెన్నప్ప వేలు పెట్టి చూసి చెప్పాడు. రేపు విత్తడానికి గొర్రు కడతాం.

అన్న ఎల్లుండి వస్తాడని అమ్మ చెప్పింది. లీజు కాగితాలు తెస్తున్నాడట. పోలీసులను తెస్తాడా అని అడిగాను. ఏమో అంది. అబద్ధం చెప్పినట్టు లేదు.

జూన్ 19, గురువారం

విత్తనం పడింది. ఎనిమిది సాళ్లకు ఒకటి.

వంకలో మోకాటి లోతు నీళ్లు. అన్న కారు ఊరి వైపు గట్టున ఆగిపోయింది. ఒక్కడే వచ్చాడు. కాగితాల కవరు పైకెత్తి రమ్మని చేయి ఊపాడు. చేన్లోంచి కప్ప వేసుకుని అవతలికి పోయాను. చేను చూడాలంటే వెనక ఎక్కమన్నాను, కవరు కార్లో పెట్టి ఎక్కమన్నాను. నీళ్లను చూస్తూ నిలబడ్డాడు. నేను ఇంజన్ ఆపలేదు. చివరికి కవరు కారు సీటు మీద పడేసి, ప్యాంటు పైకి మడుచుకుని ఎక్కి కూర్చున్నాడు.

వంక మధ్యకు వచ్చేసరికి నా భుజాలు రెండూ గట్టిగా పట్టుకున్నాడు. మెల్లగా పో పాపా అన్నాడు.

మెల్లగానే పోయాను.